నడవలేని పిల్లల ఎముకలకు డి విటమిన్: ఎందుకు, ఎంత?

సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు, ఏళ్ల తరబడి ఫిట్స్ మందులు వాడే పిల్లలు మన కుటుంబాల్లోనూ ఉన్నారు. ఫిట్స్, ఫిజియోథెరపీ, బడి చూసుకోవడంలో వారి ఎముకల సంగతి వెనకబడిపోతుంది. అందుకే డి విటమిన్ గురించి ఇక్కడ వివరిస్తున్నాం.

ఈ పిల్లల్లో ఎముకలు బలహీనపడడానికి మూడు కారణాలు. మొదటిది ఎండ. చర్మానికి ఎండ తగిలితేనే శరీరం డి విటమిన్ తయారు చేసుకుంటుంది. కిటికీ అద్దం వెనుక కూర్చోబెడితే ఆ ప్రయోజనం ఉండదు. రెండోది మందులు. ఫెనిటాయిన్, ఫీనోబార్బిటోన్, కార్బమజెపైన్ వంటివి కాలేయంలో డి విటమిన్‌ను త్వరగా ఖర్చు చేయిస్తాయి. అలాగని ఫిట్స్ మందు సొంతంగా ఆపితే ప్రాణాపాయం. మూడోది, ఒంటి బరువు కాళ్లపై పడకపోతే ఎముక గట్టిపడదు.

ఇలాంటి పిల్లల్లో బట్టలు మార్చేటప్పుడో, ఎత్తుకునేటప్పుడో తొడ ఎముక విరగవచ్చు. మాట రాని బిడ్డ నొప్పి చెప్పలేదు. కాలు కదిపితే ఏడుస్తున్నా, వాపు కనిపించినా నూనెతో మర్దన చేయకండి. వెంటనే ఎక్స్‌రే తీయించండి.

ఇక మోతాదు. మామూలుగా ఏడాదిలోపు బిడ్డకు రోజుకు 400 యూనిట్లు, ఆ పైవారికి 600 యూనిట్లు అవసరమని భారత పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. ఫిట్స్ మందులు వాడేవారికి డాక్టరు ఎక్కువ రాయవచ్చు. రక్తపరీక్షలో 20 నానోగ్రాములు దాటితే చాలినంత ఉన్నట్టు, 12 కంటే తగ్గితే లోపం ఉన్నట్టు.

మెడికల్ షాపులో దొరికే 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్ 600 లెక్కన నూరు రోజులకు సమానం. ఇంట్లో అమ్మమ్మకు రాసిన ప్యాకెట్ బిడ్డకు వేయకండి. వారానికి ఒకటి అని రాసినది రోజూ వేస్తే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి. వాంతులు, మలబద్ధకం, అతిదాహం, మూత్రం ఎక్కువగా రావడం దీని గుర్తులు. చుక్కల మందులోనూ ఒక మి.లీ.లో 400 ఉందా, 800 ఉందా అని సీసా మారినప్పుడల్లా చూసుకోండి.

కాల్షియం లేకుండా డి విటమిన్ ఒక్కటే ఎముకను నిలపలేదు. పాలు, పెరుగు, రాగి జావ రోజూ ఉండాలి. మింగడం కష్టమైన బిడ్డకు ఎంత చిక్కగా పెట్టాలో డాక్టరును అడగండి. ఫిజియోథెరపిస్టు సలహాతో కాసేపు నిలబెట్టడం కూడా అవసరమే.

డి విటమిన్ ఎముకకు ఆసరా ఇస్తుంది, అంతేగానీ సెరిబ్రల్ పాల్సీని నయం చేయదు. ఈసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు బిడ్డ వాడే మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. పరీక్ష అవసరమా, ఎన్ని యూనిట్లు, ఎన్ని వారాలు అని అడగండి. కన్నడమో, తమిళమో, ఒడియానో, డాక్టరు ఏ భాషలో చెప్పినా మోతాదును అంకెల్లో రాయించుకోండి.