మా నాన్న ఫోన్‌లో తేలిపోయిన వెబ్‌సైట్

ఏదైనా కంపెనీ వెబ్‌సైట్ తెరవగానే "అబ్బ, డిజైన్ సూపర్ ఉందిరా" అంటాం కదా. ఏం చూసి అంటున్నాం? రంగులు, కదిలే బొమ్మలు. నేనూ అంతే.

హైదరాబాద్‌లో జాబ్ చేసేటప్పుడు ఒక డ్రిప్ పరికరాల కంపెనీకి, పేరొద్దులెండి, మా టీమ్ సైట్ చేసింది. ఆఫీసు వైఫై, పెద్ద మానిటర్, పైన వీడియో... అందరం చప్పట్లు కొట్టాం. సంక్రాంతికి మాచర్ల దగ్గర మా ఊరెళ్లి, మిర్చి చేలో ఉన్న నాన్నకి గొప్పగా లింక్ పంపా.

"ఏందిరా అబ్బాయ్, అంతా తెల్లగా ఉంది?"

కాసేపటికి పేజీ వచ్చింది. డీలర్ నంబర్ నొక్కబోయాడు. సరిగ్గా అప్పుడే పైన బ్యానర్ ఊడిపడి పేజీ మొత్తం కిందికి జరిగింది. వేలు ఆర్డర్ బటన్ మీద పడింది. "డబ్బులు పోయినయ్యా ఏంది?" అని ఫోన్ జేబులో పెట్టేశాడు. డబ్బులు పోలేదు కానీ నాకు తల కొట్టేసినట్టయింది.

ఇలా పేజీ ఎగిరిపడటాన్ని లేఅవుట్ షిఫ్ట్ అంటారు. బొమ్మ వెడల్పు, ఎత్తు కోడ్‌లో చెప్పకపోతే బ్రౌజర్ దానికి చోటు ఉంచదు. బొమ్మ ఆలస్యంగా వచ్చి మిగతావాటిని తోసేస్తుంది. రెండు అంకెలు రాస్తే అయిపోయే పని, మేం రాయలేదు! గూగుల్ లెక్కలో ఈ షిఫ్ట్ స్కోరు 0.1 దాటకూడదు. పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలో కనపడాలి. నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి.

మీరూ చూడొచ్చు. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ ఫ్రీనే. సైట్ అడ్రస్ వేసి, మొబైల్ ట్యాబ్ చూడండి. జనం బాగా వాడే సైటైతే, గత 28 రోజుల్లో నిజంగా వాడినవాళ్ల అనుభవం పైన వస్తుంది. కింద 100కి వచ్చే పెద్ద స్కోరు మాత్రం ల్యాబ్ టెస్టుది. అది 95 ఉందని మురిసిపోకండి.

తర్వాత ఎండలోకెళ్లి చూడండి. తెల్లటి మీద లేత బూడిద రంగు అక్షరాలు మాయమైపోతాయి. మామూలు సైజు అక్షరాలకి, వెనక రంగుకి కనీసం 4.5:1 తేడా ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణం.

ఇవన్నీ బాగున్నా, వచ్చిన పని అవ్వాలి కదా. 2005 దీపావళికి బెంగళూరు నుంచి హైదరాబాద్ రావడానికి ఫణీంద్ర సామాకి బస్ టికెట్ దొరకలేదు. ఏ ఏజెంటుకీ పక్క ఏజెంటు దగ్గర ఏ సీట్లున్నాయో తెలీదు. 2006లో స్నేహితులతో కలిసి రెడ్‌బస్ పెట్టాడు. దాంట్లో ముందు అడిగేదేంటి? ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ రోజు. "మా గురించి" ఎక్కడో అడుగున ఉంటుంది.

అందుకే నా టెస్ట్ ఇది: ఇంట్లో పెద్దవాళ్లకి ఫోనిచ్చి ఒక్క పని చెప్పండి. "డీలర్ నంబర్ వెతుకు నాన్నా" అని. తర్వాత నోరు మూసుకోండి. "అక్కడ కాదు, పైన" అన్నారో, టెస్ట్ పాడైనట్టే.

మా సైట్‌లో ఆ వీడియో తీయించడానికి మూడు మీటింగులు పట్టింది. ఇప్పుడు బానే తెరుచుకుంటోంది. నాన్న మాత్రం డ్రిప్ పైపు కావాలంటే ఇప్పటికీ మాచర్ల షాపాయన ఇచ్చిన కార్డే తీస్తాడు.