కిక్కునకు లొంగని బండి: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవములు

జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఉదయపు షిఫ్టు వేళకు షాపూర్‌నగరు, చింతలు, సుచిత్ర కూడళ్ల నుండి ద్విచక్రవాహనములు బారులు తీరి వచ్చుచుండగా, ఏ ఫ్యాక్టరీ గేటు చెంతనో, ఏ టీకొట్టు ముంగిటనో ఒక చిన్న బండి మొండికేసి నిలుచుటయు, దాని యజమాని చెమటలు కారుచుండ కిక్కురాడ్డును తొక్కుచుండుటయు, చుట్టును మూగిన నలుగురును నాలుగు విధముల సలహాలిచ్చుటయు నిత్యము కనబడు వ్యవహారమే. ఆ సలహాలలో శుద్ధాబద్ధమైనది మిక్కిలి అరుదు. విచిత్రమేమనగా, వానిలో పెక్కు ఎప్పుడో ఒకప్పుడు, ఏదో యొక బండి విషయమున, నిజమై యుండినవే. ఆ బండి తుక్కు దుకాణమునకు చేరి ఎన్నియో యేండ్లయినను, దానికొరకు పుట్టిన చిట్కా మాత్రము తండ్రినుండి కొడుకునకు, మేస్త్రీనుండి శిష్యునకు సంక్రమించుచు, తనకు సంబంధమే లేని యంత్రములపై ప్రయోగింపబడుచున్నది.

హైదరాబాదు ఆల్విన్ వారి పేరున వెలసిన పుష్పక్ స్కూటరు లాంబ్రెట్టా వంశమునకు చెందినది. నాటి బజాజ్ చేతక్కు వెస్పా వంశమునకు చెందినది. రాజదూతు, నాటి యెజ్డీలు పెట్రోలులో నూనె కలిపి పోయవలసిన టూస్ట్రోకు బండ్లు. 1980లో వచ్చిన టీవీఎస్ 50 పెడలు త్రొక్కిన గాని మేలుకొనెడిది కాదు. 1985లో, ఒక్క సంవత్సరమునందే, యమహా ఆర్‌ఎక్స్ 100 అను టూస్ట్రోకును, హీరో హోండా సీడీ 100 అను ఫోర్‌స్ట్రోకును మన వీథులలోనికి వచ్చినవి. అటుపిమ్మట 2020 ఏప్రిలు 1 నుండి బీఎస్ 6 నిబంధనలు అమలులోనికి రాగా, కొత్త బండ్లలో కార్బురేటరు దాదాపుగా అంతరించి, దాని స్థానమున ఫ్యూయల్ ఇంజెక్షను నెలకొన్నది. ఇన్ని జాతుల యంత్రములలో పెక్కింటికి కిక్కురాడ్డు మాత్రము ఒకే తీరున నుండుటచేత, కొట్టు విధానమును ఒకటే కాబోలునని జనులు భ్రమపడినారు.

"గట్టిగ కొట్టన్నా, అదే స్టార్టయితది" అనునది సలహాలలో అగ్రగణ్యము. కాలిబలమునకును ఇంజను మేలుకొనుటకును సంబంధము లేకపోలేదు గాని, అది జనులు తలచినంత లేదు. సీడీ 100, స్ప్లెండరు వంటి బండ్ల 97.2 సీసీల చిన్న ఇంజనులో పిస్టను పైకి లేచునప్పుడు గాలియు పెట్రోలు ఆవిరియు కలిసిన మిశ్రమము సుమారు తొమ్మిదవ వంతుకు నొక్కబడును. ఆ నొక్కుడు ముగియు క్షణమున ప్లగ్గు వద్ద నిప్పురవ్వ పుట్టవలెను. ఫోర్‌స్ట్రోకు ఇంజనులో ఈ ఘట్టము రెండు చుట్లకు ఒక్కసారి మాత్రమే వచ్చును గనుక, కిక్కురాడ్డు ఒక్క త్రొక్కుడులో త్రిప్పగల కొలది చుట్లలో అది తప్పిపోకుండ చూచుకొనుటయే అసలు నేర్పు. అందుకు మార్గము సులభమే: మొదట కాలితో మెల్లగా నొక్కుచు, రాడ్డు ఎదురుతిరిగిన చోటు తెలియగానే ఆగి, దానిని పైకి రానిచ్చి, అప్పుడు పైనుండి అడుగువరకు ఎక్కడను ఆపక ఒక్క ఊపున త్రొక్కవలెను. సగము వరకు త్రొక్కి వదలిన పది దెబ్బలకన్న నిండుగా త్రొక్కిన ఒక్క దెబ్బ మేలు. బుల్లెట్టు స్వారులు అమ్మీటరు ముల్లు నడుమకు వచ్చువరకు రాడ్డును మెల్లగా నొక్కి, డీకంప్రెషను మీట నొక్కి, వ్రతమువలె ఆచరించిన ఆ పాత ప్రక్రియ వారి 350 సీసీల బండికి నిజముగనే అవసరమైనది. లేనిచో అది కాలిని వెనుకకు తన్నెడిది. స్ప్లెండరుకు అంత తంతు అక్కరలేదు. ఒక్క శ్రద్ధ చాలును.

ఇక రెండవ అపోహ, కిక్కు కొట్టునంతసేపును యాక్సిలరేటరు త్రిప్పుచునే యుండవలెననునది, మొదటిదానికన్న ఎక్కువ కీడు చేయునది. పెట్రోలు చక్కగా మండుటకు దాని బరువునకు సుమారు 14.7 రెట్ల గాలి కావలెను. కాని చల్లని ఇంజనులో పెట్రోలు కొంత ఆవిరి గాక గోడలకు ద్రవముగనే అంటుకొనిపోవును గనుక, మండుటకు మిగులు ఆవిరి చాలకుండును. ఈ లోటు తీర్చుటకే చోకు ఏర్పడినది. కొన్ని కార్బురేటర్లలో అది గాలిదారికి అడ్డుపడు రేకు. మరికొన్నిటిలో అదనపు పెట్రోలునకు దారి తెరచు చిన్న ప్లంజరు. ఈ రెండవ జాతిలో యాక్సిలరేటరు త్రిప్పగనే లోపలి పీల్పు శక్తి తగ్గి, చోకు వేసియు వేయనట్లే యగును. చిన్న బండ్ల కార్బురేటర్లలో చాలవరకు పెట్రోలును చిమ్ము పంపు ఉండదు గనుక, ఆగియున్న బండి యాక్సిలరేటరును ఊరక త్రిప్పుటవలన లోనికి పోవునది ఏమియును లేదు. చల్లని ఇంజనునకు చోకు వేసి, యాక్సిలరేటరును ముట్టక, రెండు మూడు నిండు దెబ్బలు కొట్టుటయే పద్ధతి. వేడిగానున్న ఇంజనునకు చోకు వేయుట దోషము.

ఆ దోషము చేసినప్పుడే గదా, ముక్కునకు పెట్రోలు వాసన గుప్పున తగులుటయు, "ఓవరయింది" అను తీర్పు వెలువడుటయు! అప్పుడు జనులు చోకును ఇంకను లాగుదురు. చేయవలసినది దానికి విరుద్ధము. చోకు పూర్తిగా తీసి, పెట్రోలు ట్యాపు కట్టి, యాక్సిలరేటరును చివరివరకు త్రిప్పి పట్టుకొని అయిదారుసార్లు కొట్టినచో గాలి విరివిగా చొచ్చి అధికమైన పెట్రోలును వెలికి తరుమును. ఇంతకుముందు తప్పని చెప్పిన పనియే ఇక్కడ ఒప్పగుచున్నది; సందర్భమును విడిచి చిట్కాను పట్టుకొనువారు మోసపోవుట ఇట్టి తావులనే. దానికిని లొంగనిచో ప్లగ్గు విప్పి తుడిచి ఆరబెట్టవలెను.

స్కూటరును ఒక ప్రక్కకు వంచి, మరల నిలిపి, కిక్కు కొట్టు దృశ్యమును నలువది యేండ్లు దాటినవారిలో ఎరుగనివారుండరు. దీనిని మూఢనమ్మకమని నవ్వుట తొందరపాటు. చేతక్కు వంటి బండిని వంచినప్పుడు కార్బురేటరులో పెట్రోలు నిలుచు ఫ్లోటు గదిలోని మట్టము మారి కొంత అదనముగ ఇంజను దారి పట్టెడిది. ట్యాంకు అడుగంటినప్పుడు మిగిలిన నాలుగు బొట్లును ట్యాపు వైపునకు పారెడివి. నేటి ఫ్యూయల్ ఇంజెక్షను బండికి ఫ్లోటు గదియే లేదు. కొన్నిటిలో, బండి పడిపోయినదని గ్రహించి ఇంజనును ఆపివేయు సాధనము కూడ ఉండుటచేత, పడిన బండిని లేపిన పిమ్మట తాళము ఒకసారి కట్టి మరల త్రిప్పనిదే అది పలుకదు. సైడుస్టాండు దించియున్నంతవరకు గేరులో కదలనీయని బండ్లును గలవు. ఎర్రని కిల్లుస్విచ్చు ఎవరో పిల్లవాడు నొక్కిపోయిన సంగతి తెలియక గంటసేపు కిక్కు కొట్టినవారి సంఖ్య, ఇంజను నిజముగ చెడినవారి సంఖ్యకన్న తక్కువ యుండదని నా యనుమానము.

"బ్యాటరీ చచ్చింది, ఇంక కిక్కుకు కూడ రాదు" అను మాట సగము నిజము. పాత సీడీ 100, స్ప్లెండరు వంటి బండ్లలో నిప్పురవ్వకు కావలసిన విద్యుత్తు మాగ్నెటో నుండియే పుట్టును. బ్యాటరీ హారనుకు, ఇండికేటర్లకు మాత్రమే దాసి. దానిని ఊడదీసినను ఆ బండి కిక్కునకు పలుకును, తోసినను పలుకును. ఫ్యూయల్ ఇంజెక్షను బండి కథ వేరు. అందు ట్యాంకులోని పంపునకును, పెట్రోలును కొలిచి చిమ్ము కంప్యూటరునకును బ్యాటరీయే అన్నదాత. సెల్ఫు మోటారును త్రిప్పలేని నీరసపు బ్యాటరీతో కిక్కు పనిచేయవచ్చును గాని, బొత్తిగా చచ్చిన దానితో చాల నమూనాలలో కిక్కును తోపుడును రెండును వ్యర్థములే. ఇట్టి బండిలో తాళము త్రిప్పిన తోడనే వినవచ్చు పంపు గుయ్యిమను సన్నని ధ్వని ముగియు వరకు ఆగి కిక్కు కొట్టవలెను. ఆ ధ్వనియే లేనిచో కాలిని శ్రమపెట్టుట మాని ఫ్యూజును చూడుడు.

ప్లగ్గును గరుకు కాగితముతో గీకుట టూస్ట్రోకు కాలపు నిత్యకృత్యము. కాలిన నూనె మసి దానిపై పేరుకొనెడిది. ఫోర్‌స్ట్రోకు ప్లగ్గు నల్లబడినచో గీకి బిగించుటకన్న మసి ఎందుకు పట్టినదో విచారించుట, అనగా గాలి ఫిల్టరును చూచుట, యుక్తము. నిప్పురవ్వ పరీక్షించునప్పుడు ప్లగ్గు లోహభాగమును ఇంజనునకు తాకించి యుంచవలెను; ప్రక్కన పెట్రోలు చిందియున్న చోట ఆ పరీక్ష అసలే కూడదు. కిక్కు తేలికగా దిగిపోవుచున్నదనగానే "రింగులు పోయినయి, బోరు చేయించాలె" అని తీర్పు చెప్పు మెకానిక్కును, ముందు వాల్వుల సందు కొలువుమని అడుగుడు. మిల్లీమీటరులో పదవ వంతునకన్నను తక్కువయైన ఆ సందు మూసికొనిపోయినచో వాల్వు పూర్తిగా కూర్చుండక నొక్కుడు జారిపోవును. దానిని సరిచేయుట కొలది నిమిషముల పని. రింగులు అరిగిన బండి సాధారణముగా నీలిపొగతో తన రోగము తానే చాటుకొనును.

ఈ మధ్య ప్రతి దోషమును పెట్రోలులో కలుపుచున్న ఇథనాలు నెత్తిన వేయుట వాడుకయైనది. ఇథనాలు ఆవిరి యగుటకు పెట్రోలునకన్న రెట్టింపునకు మించిన వేడి కోరుననుటయు, నీటిని ఆకర్షించుననుటయు సత్యమే. అయినను మన హైదరాబాదు చలికి కలుపు పెట్రోలు మండకపోవునన్నది అతిశయోక్తి. నెలల తరబడి కదలని బండిలో, ఇథనాలు ఉన్నను లేకున్నను, పెట్రోలులోని తేలిక భాగములు ఎగిరిపోయి జిగురు మిగులును. ఫ్లోటు గది అడుగు స్క్రూ వదులుచేసి ఆ పాత పెట్రోలును పారబోసినచో, కాలి నొప్పి సగము తగ్గును.

అన్నిటికన్న ప్రమాదకరమైన అపోహ వానకాలపుది. 2020 అక్టోబరు వరదలలో ఫాక్స్ సాగరు, అనగా జీడిమెట్ల చెరువు, పొంగి దిగువనున్న ఉమామహేశ్వర కాలనీ దినముల తరబడి నీట మునిగి యుండెను. అట్లు మునిగిన బండిని వెలికి తీయగనే కిక్కు కొట్టినచో నీరు సైలెన్సరుగుండ తనంత తాను పోవునని పలువురు నమ్ముదురు. సైలెన్సరులోని నీరు పోవచ్చును. సిలిండరులోనికి చేరిన నీరు పోదు. నొక్కినచో గాలి నలిగినట్లు నీరు నలుగదు గనుక, పిస్టను దానికి ఎదురు నిలిచి, ఇంజను ఒకవేళ పట్టుకొన్నచో కనెక్టింగు రాడ్డు వంగుట కద్దు. మునిగిన బండికి మొదట తాళమే త్రిప్పరాదు. బ్యాటరీ తీగె విప్పి, ప్లగ్గు తీసి, ఆ రంధ్రము గుండ నీరు వెలువడునట్లు కిక్కును చేతితో మెల్లగా నొక్కవలెను. గాలి ఫిల్టరును ఆరబెట్టి లేదా మార్చి, ట్యాంకును కార్బురేటరును ఖాళీచేసి, ఇంజను ఆయిలును చూడవలెను. అది పాలు కలిసిన టీరంగున నున్నచో నీరు చేరినదని అర్థము. కొత్త ఆయిలు పోసి, బండి నడచిన కొలది కిలోమీటర్లకే దానిని మరల మార్చవలసి యుండును.