గుంత మగ్గానికి మేడ మీద చోటేది?

ఆదోని: వానలు మొహం చాటేసిన ఏడు కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు పల్లెల జనం మూటాముల్లె సర్దుకుని గుంటూరు మిరప కోతకో, బెంగుళూరు కట్టడం పనులకో పోతారు. కొందరు ఆదోని, ఎమ్మిగనూరు చేరుతారు. ఆదోనిలో పత్తి మార్కెట్టు, జిన్నింగు మిల్లులు, ఎమ్మిగనూరులో మగ్గాలు. కూలి దొరికినంత తేలికగా ఇల్లు దొరకదు. కాబట్టి పట్టణంలోని మురికివాడ సంగతి పల్లెవారిది కూడా.

2011 జనాభా లెక్కల ప్రకారం ఆదోనిలో సుమారు 1.66 లక్షలు, ఎమ్మిగనూరులో 95 వేల మంది ఉన్నారు. పేదల వాడలను బాగుచేయడానికి చట్టం కొత్తది కాదు. ఆంధ్రప్రదేశ్ మురికివాడల అభివృద్ధి (భూసేకరణ) చట్టం 1956లోనే వచ్చింది. మంచినీరు, మురుగు కాలువలు, వీధి దీపాలు, మరుగుదొడ్ల కోసం కేంద్రం 1972లో పథకం పెట్టింది. 2015లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన మొదలయింది. దాని కింద రాష్ట్రంలో టిడ్కో 300, 365, 430 చదరపు అడుగుల ఇళ్లతో మేడలు కట్టింది.

పక్కా ఇల్లు మంచిదే. అయితే చేనేత కుటుంబానికి ఇల్లే కార్ఖానా. నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టి నేసే మగ్గం మూడో అంతస్తులో పెట్టలేరు. ఉన్నచోటనే ఉందామంటే మురుగు కాలువ పూడి వాననీరు గుంతలోకి దిగుతుంది. గుంత ఆరేదాకా నేత లేదు, కూలి లేదు. మిల్లు కూలికి, మార్కెట్టు హమాలీకి మరో చిక్కు: ఊరికి దూరంగా ఇల్లిస్తే కూలిలో కొంత దారి ఖర్చులకే పోతుంది.

ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నేతగాళ్లతో సహకార సంఘం పెట్టించి, పని ఇచ్చి నిలబెట్టారు. హైదరాబాదులో 1967లో మొదలైన పట్టణ సామాజికాభివృద్ధి పథకం మరో దారి చూపింది. ఉన్నచోటనే పట్టా, బ్యాంకు అప్పు ఇప్పిస్తే పేదలు తమ ఇళ్లు తామే కట్టుకున్నారు.

పట్టా చేతికొస్తే తడిక తీసి గోడ కట్టే ధైర్యం వస్తుంది. కాలువ బాగుపడితే మగ్గం ఆగదు. మేడలు కట్టే ముందు ఆ ఇంటివారు ఏ పని చేసి బతుకుతున్నారో అడిగితే చాలు, సగం పొరపాట్లు తప్పుతాయి.