మీకు తెలుసా? కవచానికి పాత సీసమే మేలు

రేడియేషన్ చొరబడకుండా ఇటలీ శాస్త్రవేత్తలు తమ పరికరం చుట్టూ పేర్చింది రెండు వేల ఏళ్ల కిందట మునిగిన రోమన్ ఓడలోని సీసం! రేడియేషన్‌ను ఆపే సీసంలోనూ కాస్త రేడియోధార్మికత ఉంటుంది. కొత్తగా శుద్ధిచేసిన సీసంలో సీసం-210 అనే ఐసోటోపు మిగిలిపోతుంది. దాని అర్ధాయువు సుమారు 22 ఏళ్లు. అంటే 22 ఏళ్లకోసారి సగానికి సగం తరిగిపోతూ, రెండు వేల ఏళ్లకు దాదాపు లేనట్టే. మామూలు ఎక్స్‌రే గదికి ఇంత పట్టింపు అక్కర్లేదు. న్యూట్రినోల గుట్టు వెతికే క్వోరే ప్రయోగానికి మాత్రం ఆ కొద్దిపాటి రేడియేషన్ కూడా అడ్డే. అందుకే సార్డీనియా తీరంలో దొరికిన ఆ ఓడలోని సీసం దిమ్మల్లో 120 దిమ్మలు 2010లో గ్రాన్ సాసో భూగర్భ ప్రయోగశాలకు చేరాయి. కరిగించే ముందు వాటిమీది రోమన్ ముద్రలను వేరుచేసి భద్రపరిచారు.