చివరి ఆయకట్టు: పరుగు, ఆకలి, అధికారము

పూర్వపు కృష్ణాజిల్లా మెట్టసీమలో, నందిగామ జగ్గయ్యపేట తాలూకాల నాగార్జునసాగరు ఎడమ కాలువ క్రింద సేద్యము చేసినవారికి, కాలువలో నీరు తగ్గిన యేట మొదట ఎండునది చివరి పొలమేయని యొకరు చెప్పవలసిన పనిలేదు. తూము కడ నిలిచి చూచువానికి నీరు పారుచునే యున్నట్లు తోచును. పైపొలము పచ్చగానే యుండును. చివరి రైతు వచ్చి మొరపెట్టుకొన్నచో "నీరు వదలితిమి గదా" యను సమాధానమే దొరకును. మానవదేహము సైతము ఇట్టి ఆయకట్టే. దానికి పారు నీరు మనము తిను అన్నము. పైపొలములు గుండె, మెదడు, ఊపిరితిత్తులు. చివరి పొలములు ఎముక, రక్తము, ఋతుధర్మము. కళాశాల పరుగుజట్లలో శిక్షకులపై వచ్చు అభియోగములను, వాని వెంట వచ్చు రాజీనామాలను అర్థము చేసికొనవలెనన్న, ఈ చివరి పొలముల కథను ముందుగా తెలిసికొనుట యవసరము.

నేడు ఎన్టీఆర్ జిల్లాలో చేరియున్న కంచికచర్ల మండలపు చెవిటికల్లు వంటి గ్రామములలో, పత్తిచేలకును మిరపతోటలకును కూలీలు బయలుదేరకమునుపే, మసకచీకటిలో బాటవెంట పరుగెత్తు యువతీయువకులు కానవత్తురు. కొందరు కానిస్టేబుల్ ఎంపికలలో 'ఈవెంట్ల' కొరకు 1600 మీటర్లు సాధన చేయువారు; మరికొందరు పట్టణములోని కళాశాలలో చదువుచు, విశ్వవిద్యాలయ జట్టులో చోటు దొరకినచో క్రీడాకోటాలో ఉద్యోగము దొరకునని నమ్మినవారు. ఈ రెండవ తెగవారికి పి.డి. గారి మాటయో కోచ్ గారి మాటయో వేదవాక్యము. "రెండు కిలోలు తగ్గుము, రెండు సెకండ్లు తగ్గును" అని ఆయన సెలవిచ్చిన, నాటి రాత్రి ఇంట అన్నపు గిన్నె ముట్టని బాలిక యుండును. ఆ మాటలో నిజమెంతయో లెక్కకట్టి చూతము.

ఏబది కిలోల బరువుగల యొక విద్యార్థినిని తీసికొందము. అందు పది కిలోలు క్రొవ్వనుకొన్న, తక్కిన నలువది కిలోలు కండరములు, ఎముకలు, అవయవములు మొదలగు పనిచేయు దేహము. ఒక కిలో బరువును ఒక కిలోమీటరు పరుగెత్తించుటకు సుమారొక కిలోకేలరీ వ్యయమగునని శరీరధర్మశాస్త్రము చెప్పుచున్నది. కావున ఆమె పండ్రెండు కిలోమీటర్లు పరుగెత్తినచో ఆరునూర్లు వ్యయమైనవి. ఆమె తినినది 1800 కిలోకేలరీలైనచో, పరుగునకు పోగా మిగిలినవి 1200. దీనిని నలువదిచే భాగింప, కిలోకు ముప్పది వచ్చును. శ్వాసించుట, వెచ్చగా నుండుట, ఎముకను కట్టుట, గాయమును మాన్పుట, చదివినది జ్ఞాపకముంచుకొనుట యను సమస్త కార్యములకును దేహమునకు మిగిలిన మూలధనము ఇదియే. శాస్త్రజ్ఞులు దీనిని శక్తిలభ్యత యందురు. అది నలువదియైదు ప్రాంతమున నున్న క్షేమము. ముప్పదికి దిగువకు జారినచో పెక్కుమంది స్త్రీలలో దేహవ్యాపారములు తారుమారగును. ఈ ముప్పది యను సంఖ్య గీచిన గీత గాదు. ఒక్కొక్క దేహపు సహనము ఒక్కొక్క తీరుగా నుండును. మన విద్యార్థిని క్షేమముగా నుండవలెనన్న 2400 తినవలెను. లోపించిన ఆరునూరు కిలోకేలరీలు నూరు గ్రాముల వేరుసెనగపప్పు, దానితో నొక చిన్న అరటిపండు మాత్రమే! జీవితమును ఎముకను తలక్రిందులు చేయు లోటు ఇంత చిన్నది. ఇంత చవుకగా పూడునది.

లోటు పూడనప్పుడు దేహము ఏమి చేయును? మెదడు అడుగున నుండు హైపోథాలమస్ అను చిన్న భాగమే ఈ కాలువకు నీరు వదలు లస్కరు. క్రొవ్వునుండి వచ్చు లెప్టిన్ మొదలగు రసాయన వార్తలను బట్టి అది నీటిమట్టమును గ్రహించును. మట్టము తగ్గినదని తోచిన వెంటనే సంతానోత్పత్తికి సంబంధించిన తూమును బిగించును. ఓహియో విశ్వవిద్యాలయమునకు చెందిన ఆన్ లౌక్స్ అను శాస్త్రజ్ఞురాలు 2003లో ప్రకటించిన పరిశోధనలో, ఆరోగ్యవతులైన యువతులకు కేవలము ఐదు దినములు శక్తిలభ్యతను తగ్గించి చూడగా, ముప్పదికి దిగువన, ఋతుచక్రమును నడుపు హార్మోను స్పందనల లయ చెడుట కానవచ్చెను. ఆ హార్మోను తగ్గిన ఈస్ట్రోజెన్ తగ్గును. ఈస్ట్రోజెన్ తగ్గిన ఎముకను కరగించు కణములకు కళ్ళెము వదలును. ఆ వయస్సునందే కదా ఎముక తన జీవితకాలపు బలమును కూడబెట్టుకొనునది! ఇరువదియేండ్ల ప్రాయమున కట్టవలసిన గోడ నాడు కట్టనిచో, ఏబదియేండ్ల ప్రాయమున దానిని కట్టుట దుర్లభము. ముంగాలి ఎముకలోను పాదపుటెముకలలోను వెండ్రుకవాసియంత పగుళ్ళు పుట్టుట ఈ లోటునకు ప్రథమసాక్ష్యము. నెలసరి ఆగిపోవుట "బాగుగా సాధన చేయుచున్నది" యనుటకు గుర్తని నేటికిని కొన్ని మైదానములలో చెప్పుకొందురు. అది చివరి పొలము ఎండిన గుర్తు.

ఆహారలోపము, ఋతుస్తంభనము, ఎముకల క్షీణత అను మూటిని కలిపి 1992లో అమెరికా వైద్యులు క్రీడాకారిణుల త్రయమని పేరిడిరి. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము ఈ భావమును విస్తరించి, గుండె, జీర్ణకోశము, రోగనిరోధకశక్తి, మనస్సు కూడ ఈ లోటువలన చెడుననియు, పురుషులును దీనికి అతీతులు కారనియు ప్రకటించెను. బాలురలో టెస్టోస్టెరోన్ తగ్గుట దాని యొక చిహ్నము. మన దేశమున ఈ కష్టమునకు మరియొకటి తోడగుచున్నది. 2019–21 జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము పదునైదు మొదలు నలువదితొమ్మిదేండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులు. రక్తములో ఇనుము చాలని బాలిక ఆఖరి రౌండులో వెనుకబడినచో "సోమరి" యని గద్దించుటకు స్టాప్‌వాచి పట్టినవాడు చాలును. కారణము కనుగొనుటకు రక్తపరీక్ష కావలెను.

మరి బరువు తగ్గిన వేగము పెరుగునన్న నమ్మిక ఎట్లు పుట్టినది? దానికి కొంత ఆధారము లేకపోలేదు. మోయవలసిన బరువు తగ్గినప్పుడు మొదటి కొన్ని వారములు కాలము తగ్గవచ్చును. ఎముక పగులుట, కండరము కరగుట, జ్వరములు తరచగుట మాసముల తరువాత వచ్చు ఫలములు. అప్పటికి ఆ పరుగుకత్తె "గాయముల పాలైనది" యని పేరుపడి జట్టునుండి తొలగియుండును. తొందరగా కనబడిన లాభము శిక్షకుని ఖాతాలో జమపడును; ఆలస్యముగా వచ్చిన నష్టము ఆ బాలిక దౌర్బల్యముగా వ్రాయబడును. ఈ లెక్కలోని మోసము ఇంతియే.

ఈ మోసము అమెరికాలో బయటపడిన తీరు ప్రసిద్ధము. పదునేడేండ్లకే ప్రపంచ పోటీలలో పరుగెత్తిన మేరీ కెయిన్, 2019 నవంబరులో, తాను చేరిన నైకీ ఆరెగాన్ ప్రాజెక్టు జట్టులో బరువు తగ్గుమని నిరంతరము ఒత్తిడి చేసిరనియు, మూడేండ్లు నెలసరి రాలేదనియు, ఐదు ఎముకలు విరిగినవనియు బహిరంగముగా చెప్పినది. శిక్షకుడు ఆల్బర్టో సలజార్ ఆ యారోపణలను ఒప్పుకొనలేదు. అంతకు కొలదివారములకు ముందే ఆయనకు ఉత్ప్రేరకముల వ్యవహారములో నాలుగేండ్ల నిషేధము పడియుండెను, జట్టు మూతపడియుండెను. 2021లో క్రీడాకారుల రక్షణకు నియమింపబడిన సేఫ్‌స్పోర్ట్ సంస్థ వేరొక దుష్ప్రవర్తన విచారణలో ఆయనను శాశ్వతముగా అనర్హుని చేసెను. ఆ సంవత్సరముననే ఆరెగాన్ విశ్వవిద్యాలయపు జట్టును వీడిన ఆరుగురు స్త్రీలు, ఎక్స్‌రే యంత్రముతో తమ క్రొవ్వు శాతము కొలిచి దానిని బట్టి తమను నడిపించిరని పత్రికకు తెలిపిరి. 2022లో అచటి ప్రధాన శిక్షకుని ఒడంబడిక పునరుద్ధరింపబడలేదు. ఆ యంత్రపు కొలత నీరు త్రాగుటచేతను, భోజనకాలముచేతను మారునట్టిది. వైద్యుని చేతిలో అది యొక సూచన, జట్టు జాబితా వ్రాయువాని చేతిలో తీర్పు.

మనవారి కథలు వేరు తీరున నుండినను వేరొక లోకమువి కావు. సిడ్నీ ఒలింపిక్ కాంస్యవిజేత, శ్రీకాకుళపు ఆడుబిడ్డ కరణం మల్లీశ్వరి, 2010లో వెయిట్‌లిఫ్టింగు శిక్షణలో చిన్నబాలికలు వేధింపబడుచున్నారని గళమెత్తెను. ఆ సంవత్సరముననే మహిళా హాకీ జట్టు ప్రధాన శిక్షకుడు ఒక క్రీడాకారిణి ఫిర్యాదు నేపథ్యమున, తాను నిర్దోషినని చెప్పుచునే, పదవి వదలెను. 2011లో, అంతకు ముందటి యేడు గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచిన 4×400 మీటర్ల జట్టులోని మువ్వురితో సహా పలువురు పరుగుకత్తెలు నిషిద్ధ ఔషధ పరీక్షలో పట్టుబడిరి; ఉక్రెయిన్ దేశస్థుడైన శిక్షకుడు యూరీ ఒగొరోద్నిక్ పదవీచ్యుతుడయ్యెను. తమకిచ్చిన జిన్సెంగ్ గుళికలే దోషమని వారు మొరపెట్టుకొన్నను నిషేధము తప్పలేదు, ఏలయన దేహములోనికి పోయిన దానికెల్ల క్రీడాకారిణియే బాధ్యురాలని నియమము. ఈ నియమము న్యాయమే కావచ్చును. కాని శిక్షకుడు ఇచ్చినదెల్ల నోరెత్తక మ్రింగుటే వినయమని నేర్పిన మైదానమున దాని బరువు ఎవరి తలపై పడునో యోచింపవలెను. 2025లో తెలంగాణకు చెందిన, ద్రోణాచార్య పురస్కృతుడైన ఒక జాతీయ జూనియర్ శిక్షకుని, పరీక్షలు తప్పించుకొనుటకు తోడ్పడెనన్న అభియోగముపై జాతీయ ఉత్ప్రేరక నిరోధక సంస్థ నాడా తాత్కాలికముగా నిలిపివేసెను. అభియోగము తీర్పు కాదు. కాని ఏండ్ల తరబడి కోచ్ ఒక్కని చేతిలోనే సర్వమును పెట్టిన వ్యవస్థను ప్రశ్నించుటకు తీర్పు వరకు ఆగనక్కరలేదు.

తనిఖీ లేకున్నచో ఋజువర్తనులకే నష్టము కలుగుననుటకు విశాఖపట్టణపు జ్యోతి యర్రాజి కథ చాలును. 2020 జనవరిలో మూడబిద్రెలో జరిగిన అఖిలభారత అంతర్విశ్వవిద్యాలయ పోటీలో, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయ పక్షమున పరుగెత్తి, 100 మీటర్ల హర్డిల్సును ఆమె 13.03 సెకండ్లలో ముగించెను. అప్పటికి 2002 నుండి నిలిచియున్న జాతీయ రికార్డు 13.38. కాని అచ్చట ఉత్ప్రేరక పరీక్ష జరుపలేదను కారణమున ఆ కాలము రికార్డు కాలేదు. 2022 మే నెలలో సైప్రసులో 13.23 పరుగెత్తు వరకు ఆమెకు ఆ గౌరవము దక్కలేదు. తనిఖీ యనగానే శంకయని బెదరువారు ఈ రెండేండ్ల నిరీక్షణను తలపోయవలెను: పరీక్షాపాత్ర నిజాయితీకి నియమించిన సాక్షి.

విద్యార్థినులు ఏల మౌనముగా నుందురు? హాస్టలు గది, క్రీడాకోటా ధ్రువపత్రము, పోటీకి పంపు జాబితా, ప్రయాణభత్యము ఒక్క సంతకముపై ఆధారపడియున్నప్పుడు, ఆ సంతకము పెట్టువానిపైననే ఫిర్యాదు చేయుట నిచ్చెన ఎక్కి నిచ్చెన నరకుకొనుటే. అందుచేత చట్టము మరియొక తలుపు తెరచినది. లైంగిక వేధింపుల విషయమున, 1997లో సుప్రీముకోర్టు ఇచ్చిన విశాఖ తీర్పు ననుసరించి 2013లో వచ్చిన చట్టమును, విశ్వవిద్యాలయ నిధుల సంఘపు 2015 నియమావళియు ప్రతి కళాశాలలో అంతర్గత సమితి యుండవలెనని విధించినవి. దాని అధ్యక్షురాలు స్త్రీ, సభ్యులలో సగమునకు తక్కువ గాక స్త్రీలు, ఒకరు సంస్థకు బయటివారు. మూడు మాసములలో ఫిర్యాదు, తొంబది దినములలో విచారణ. పదునెనిమిదేండ్లలోపు వారి విషయమున 2012 నాటి పోక్సో చట్టము వర్తించును. తెలిసియు చెప్పకుండుట అందు నేరము. ఈ విచారణ శిక్షకునికిని రక్షయే, ఏలయన తన మాట చెప్పుకొను అవకాశము లేని నింద కూడ అన్యాయమే.

అభియోగము వచ్చిన శిక్షకుడు రాజీనామా చేసినచో కథ ముగిసినదని పెద్దలు ఊపిరి పీల్చుకొందురు. విచారణకు ముందే వచ్చిన రాజీనామా మాత్రము పలుమారు పారిపోవుటకు మర్యాదైన పేరు. ఆ కోచ్ మరియొక ఊరి మైదానమున మరల ఈలవేయును, ఇచ్చటి బాలిక తన తప్పేమో తెలియక మిగులును. ఎముక రాజీనామాను గుర్తింపదు. అది కోరునది అన్నము, విశ్రాంతి, కాలము.

కావున చేయవలసినది వేరు. స్టాప్‌వాచి కోచ్ చేతిలో నుండనిండు. త్రాసును వైద్యుని చేతికిని, ఆహారపు జాబితాను పోషకాహార నిపుణుని చేతికిని, ఫిర్యాదును సమితి చేతికిని, జట్టు ఎంపికను నలుగురి ఎదుట పలకలపై వ్రాసిన కాలములకును అప్పగింపుడు. నెలసరి మూడు మాసములు రాకున్నను, ఒకే చోట నొప్పి రెండు వారములు తగ్గకున్నను, ఇంట అన్నము దాచుట కానవచ్చినను, తల్లిదండ్రులు పోటీ గడియను చూడక వైద్యుని చూడవలెను.

సాగరు కాలువ చివరి పొలము ఎండినప్పుడు లస్కరును మార్చిన ఊరివారు కొందరుందురు. మరుయేడు క్రొత్త లస్కరు క్రిందను ఆ పొలము ఎండినది. మరికొందరు తూము కడ అందరికి కనబడునట్లు కొలబద్ద పాతి, నీటిమట్టమును దినదినము వ్రాయించిరి. ఆ పొలమునకు నీరు చేరినదో లేదో తెలియుటకు వారికి ఒక్కరి దయతో పనిలేకపోయెను.