లారీ డ్రైవరుకూ చదువు కావాలి

లారీ నడపాలనుకునే పిల్లలు, తల్లిదండ్రులు తెలుసుకోవలసిన వరుస ఇది.

18 ఏళ్ళు నిండగానే కారు లైసెన్సు తీసుకోవాలి. సరుకుతో కలిపి మొత్తం బరువు 7,500 కిలోలు మించని బండ్లకు అదే చాలునని 2024లో సుప్రీంకోర్టు తేల్చింది. పెద్ద లారీకి మాత్రం ఆ లైసెన్సు వచ్చి ఏడాది గడవాలి, 20 ఏళ్ళు నిండాలి. డ్రైవింగ్ స్కూలు సర్టిఫికెట్టు, డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. క్లీనరుగా ఎన్నేళ్ళు తిరిగినా వీటికి బదులు కాదు.

ఎనిమిదో తరగతి నిబంధనను 2019లో ఎత్తివేశారు. అలాగని బడి మాన్పించకండి. పెట్రోలు, గ్యాసు ట్యాంకర్లు నడపాలంటే ప్రత్యేక శిక్షణతోపాటు ఇంగ్లీషు, మరో భారతీయ భాష చదవడం, రాయడం రావాలి. అది బడిలో నేర్చిన కన్నడమైనా, ఒడియా అయినా, మన తెలుగైనా సరే. మాట్లాడడం వస్తే చాలదు.