నాన్నగారి తరిమెన

"అన్నా, దాన్ని తూకానికి ఇచ్చేద్దాం. ఇల్లు కొన్నవాళ్లు పదిరోజుల్లో తాళాలు అడుగుతున్నారు" అన్నాడు మా తమ్ముడు.

నల్లగొండలో మా పాత ఇల్లు అమ్మినప్పటి మాట ఇది. "దాన్ని" అంటే వెనక వసారాలో గోనెపట్టా కప్పుకుని పడివున్న చిన్న లేతు మిషనును. పాత ఇనుము కొనేవాడు వచ్చి, గోనె ఎత్తి చూసి, ఇద్దరు మనుషులు కావాలన్నాడు. నేను సరే అనబోయాను. ఆ మాట నోటిదాకా వచ్చి ఎందుకో ఆగిపోయింది.

లేతు అంటే ఏమిటో చెబుతాను. కుమ్మరి సారెను పక్కకు పడుకోబెట్టినట్టు ఊహించుకోండి. సారె మీద మట్టి తిరిగితే, దీని మీద ఇనుము తిరుగుతుంది. కుమ్మరి వేళ్ల బదులు ఇక్కడ ఉక్కు పనిముట్టు ఆనించి, కావలసిన ఆకారానికి చెక్కుతారు. దీనికి మన భాషలో తరిమెన అని చక్కని పేరుంది. ఏటికొప్పాక లక్కబొమ్మలు తరిమెన పట్టి చేసినవే. అయితే ఇనుము మీద ఒకే తీరుగా మర కోయాలంటే చేతివాటం ఒక్కటీ చాలదు. 1800 ప్రాంతంలో లండనులో హెన్రీ మాడ్స్లే అనే ఆయన, పనిముట్టును ఒక పొడవాటి మరచువ్వ నడిపించేటట్టు లేతు తయారు చేశాడు. తిరిగే ఇనుముకూ, ఆ మరచువ్వకూ మధ్య పళ్లచక్రాలు. చక్రం మారిస్తే మర సన్నమవుతుంది, లేదా లావవుతుంది. మా ఇంట్లోదీ ఆ సంతతిదే.

నాన్నగారు దాన్ని 1968లో పాతదిగానే కొన్నారు. అంతకు ముందు ఏడు, 1967లో, నాగార్జునసాగర్ నీళ్లు కాలువల్లోకి వదిలారు. కాలువ పారిన మిర్యాలగూడ వైపు వరీ, బియ్యపు మిల్లులూ పెరిగాయి. కాలువ ఎక్కని మెట్టకు బావులూ, బోర్లూ, మోటార్లే గతి. మిల్లు ఇరుసు అరిగినా, మోటారు బుష్ పోయినా లేతు దగ్గరికి రావలసిందే. మోటారు ఒకరోజు ఆగితే ఒక మడి ఎండుతుంది. అందుకని మా వసారాలో రాత్రిపూట కూడా రైతులు కూర్చుని ఉండేవారు.

అలాంటి లేతు నాకెందుకు పట్టలేదంటారా? అది చివర చెబుతాను.

ఇనుము కొనేవాణ్ణి పంపేసి, ట్రాలీ ఆటో మాట్లాడి, దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా లేతును మహబూబ్‌నగర్‌లోని మా ఇంటికి చేర్చాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "పింఛను వచ్చాక మనుషులు తీర్థయాత్రలు చేస్తారు" అంది. అంతకంటే ఏమీ అనలేదు.

తుప్పు మీద కిరసనాయిలు పోసి రెండు రోజులు నాననిచ్చాను. బెడ్ మీద మాత్రం ఎమెరీ కాగితం పెట్టకూడదని తరవాత తెలిసింది. ఆ గరుకుపొడి సందుల్లో దూరి, అరిగినదాన్ని ఇంకా అరగదీస్తుందట. నూనెరాయితో మెల్లగా రుద్దుకోవాలి. లోపాలు లెక్క వేసుకుంటే మూడు తేలాయి. చక్‌కు ఉండవలసిన మూడు దవడల్లో ఒకటి లేదు. అడ్డంగా జరిగే స్లయిడు నట్టు అరిగిపోయి, పిడి పావుచుట్టు తిరిగినా స్లయిడు కదలడం లేదు. చక్రాల పెట్టెలో సగం చక్రాలు లేవు.

ఒక ఆదివారం హైదరాబాదు ఎర్రగడ్డ సంతకు వెళ్లాను. అక్కడ దొరకని పాతసామాను లేదంటారు. మంచి దవడ దొరికిందని సంతోషిస్తూ ఇంటికి వస్తే అది పట్టలేదు. చక్ దవడలు మూడూ ఒక జట్టు. 1, 2, 3 అని అంకెలు వేసి, ఆ చక్‌కే సరిపోయేలా చేస్తారు. ఒక చక్ దవడ మరొక దానికి నప్పదు. మళ్లీ ఆదివారం పోయి, మూడు దవడలూ ఉన్న చక్ ఒకటి పట్టుకొచ్చాను. తుప్పు తుడిస్తే "ప్రాగా" అన్న అక్షరాలు కనిపించాయి. 1943లో, యుద్ధం రోజుల్లో, సికింద్రాబాదులో పుట్టిన కార్ఖానా పేరది.

చక్రాల కోసం రాణీగంజ్ దుకాణాలన్నీ తిరిగాను. ప్రతి చోటా ఒకటే ప్రశ్న: "ఏ కంపెనీ లేతు?" బెడ్ మీద పేరు ఎప్పుడో చెరిగిపోయింది. ఒక పెద్దమనిషి జాలిపడి కిటుకు చెప్పాడు. చక్రం పళ్లు లెక్కపెట్టు, రెండు కలుపు, దాన్ని చక్రం వెడల్పు అంగుళాలతో భాగించు. నా దగ్గరున్న ఒక చక్రానికి 40 పళ్లు, వెడల్పు 2.1 అంగుళాలు. 42ను 2.1తో భాగిస్తే సరిగ్గా 20. శేషం లేకుండా వచ్చింది గనుక, ఇది అంగుళాల లెక్కలో కోసిన చక్రమని తేలింది.

అసలు తమాషా ఇంట్లోనే జరిగింది. మా అమ్మ వేడి గిన్నెలు దించడానికి ఏళ్లతరబడి వాడుతున్న ఇనుప కుదురు పళ్లచక్రమేనని నాకప్పుడు వెలిగింది. లెక్కపెడితే 127 పళ్లు! అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు గదా. 127ను 5తో భాగిస్తే 25.4. అంగుళాల లేతు మీద మిల్లీమీటర్ల మర కోయాలంటే ఆ చక్రం ఉండవలసిందే. మన దేశంలో 1957లో నయాపైసలూ, 1958 నుంచి కిలోలూ మీటర్లూ వచ్చాయి. ఈ చక్రం లేకపోతే నాన్నగారి అంగుళాల లేతు కొత్త మోటార్లకు మర కోయలేకపోయేది. "మరి గిన్నె దేనిమీద పెట్టను?" అంది అమ్మ. కొత్త కుదురు కొనిచ్చి విడిపించుకున్నాను.

మిగతా పనికి అమ్మే దారి చూపింది: "నాన్నగారి దగ్గర నేర్చుకున్న పిల్లవాడు పాలమూరులోనే షెడ్డు పెట్టుకున్నాడురా." ఆ పిల్లవాడికిప్పుడు అరవై ఏడేళ్లు. ఊళ్లో అందరికీ ఉస్తాద్. నేను చాచా అన్నాను. కంటికి శుక్లం వచ్చినా, పనిముట్టు చప్పుడు విని ఇనుము ఎలా తెగుతున్నదో చెప్పగలడు.

ముందు లేతును మట్టంగా నిలబెట్టించాడు. కింద నల్లరాతి బండ, పైన రసమట్టం. నాలుగు కాళ్లూ సమంగా ఆనకపోతే బెడ్ మెలి తిరిగి, చువ్వ ఒక కొసన లావు, ఒక కొసన సన్నం తెగుతుందట. కొస కాలి కింద సన్నని రేకు ముక్క పెడితే ఆ వంకర పోయింది. తరవాత చక్రాలు ఒక్కొక్కటే తడిమి చూస్తూ, 40 పళ్ల చక్రం దగ్గర ఆగాడు. అది పోత ఇనుము. కాని పక్కపక్కనున్న రెండు పళ్లు మాత్రం పసుపుపచ్చగా ఉన్నాయి. విరిగిన చోట సన్నని బెజ్జాలు వేసి, ఇత్తడి మేకులు బిగించి, ఆకురాయితో పన్ను ఆకారానికి దిద్దినవి.

"ఇది పాడైంది, కొత్తది కోయండి చాచా" అన్నాను.

"కొత్తది కోస్త. దీన్ని మాత్రం పారెయ్యకు బిడ్డా. ఆ పళ్లు మీ నాయిన పెట్టిండు. రాత్రంత కందీలు పట్టుకుని నిలబడ్డది నేనే."

నా చేతులు చల్లబడ్డాయి.

1974 వేసవి. నాకు పన్నెండేళ్లు. నాన్నగారు భోజనానికి లోపలికి వెళ్లినప్పుడు లేతు మీటలు నొక్కాను. పనిముట్టు బండి మరచువ్వ పట్టుకుని గబగబా చక్ వైపు నడిచింది. ఎలా ఆపాలో తెలియలేదు. ఠప్పున ఏదో విరిగింది. మోటారు కట్టేసి, గోనె కప్పేసి, పారిపోయాను. తెల్లవారి లేతు ఎప్పటిలాగే తిరుగుతుంటే, ఏమీ విరగలేదు కాబోలునని ఊపిరి పీల్చుకున్నాను. కాని మళ్లీ దాని దగ్గరికి పోలేదు. చదువుకుని, లెక్కల ఉద్యోగం చేసుకున్నాను.

"ఆయనకు తెలుసా?" అని అడిగాను.

"తెల్వకుండ ఉంటదా? పొద్దుగాల్ల రైతుకు బుష్ ఇయ్యాలె. కొత్త చక్రానికి హైదరాబాదు పోయే యాళ్ల లేదు. పిల్లగాన్ని అడగరా అంటే, అడిగితే భయపడి లేతు దిక్కు రాడన్నడు."

అడగకపోయినా నేను రాలేదు. ఆయనా నేనూ ఆ మాట ఎత్తకుండానే అంత కాలం ఒకే ఇంట్లో భోజనం చేశాం. రెండేళ్ల కిందట ఆయన పోయారు.

చాచా తన మిల్లింగు మిషను మీద కొత్త చక్రం కోశాడు. పళ్లు విభజించే పిడిని నలభై చుట్లు తిప్పితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. నలభై పళ్లు కావాలి గనుక పన్నుకొక చుట్టు. కాని స్లయిడు నట్టు పని వచ్చేసరికి, "కొత్త చక్రం వద్దు, ఉస్తాద్ చక్రమే పెట్టు" అన్నాడు. మరచువ్వకు అంగుళానికి ఎనిమిది చుట్లు. నట్టుకు పది కావాలి. నడిపే చక్రం 40, నడిచే చక్రం 50 పెడితే లెక్క సరిపోతుంది. అరిగిన పాత నట్టుతోనే స్లయిడును జాగ్రత్తగా జరుపుకుంటూ, ఆ లేతు మీదే దాని కొత్త గన్‌మెటల్ నట్టు కోశాం. తన భాగం తానే చేసుకోగల యంత్రం అది. ఆ ఇత్తడి పళ్లు చక్రం తిరిగినప్పుడల్లా పక్క చక్రంలో పడుతూ, చప్పుడులో తేడా కూడా లేకుండా నడిచాయి.

ఇప్పుడు కంప్యూటరు నడిపే లేతులున్నాయి. చిన్న లేతు కొత్తది కూడా కొనుక్కోవచ్చు. నాన్నగారి లేతు వాటితో పోటీ పడలేదు. అయినా మొన్న మా వీధిలో ఒకరి బోరు మోటారు బుష్ పోతే, చాచా పక్కన కూర్చుని చెబుతుండగా, నా చేతులతో చేశాను. రెండుసార్లు పాడుచేసి, మూడోసారి.

సెలవులకు వచ్చిన మా మనవరాలు చక్రాల మూత తీసి, "తాతయ్యా, ఈ రెండు పళ్లూ పచ్చగా ఎందుకున్నాయి?" అంది. పనిముట్టు బండిని ఎలా ఆపాలో ముందు చూపించాను. ఆ తరవాత, ఎవరి వల్ల విరిగాయో చెప్పాను.